ఎర్ర గేటు మువ్వ

మా ఇంట్లో అనుమానం అమ్మ వైపు నుంచి వచ్చింది. అమ్మ నరసాపురం రేవులో చేపలు వేలం పాటలో కొని మార్కెట్లో అమ్మేది. తట్టలో ఎన్ని చేపలుంటే అన్నిటి మొప్పలూ ఎత్తి చూడనిదే పాట పాడేది కాదు, అమ్మేవాడు సొంత తమ్ముడైనా సరే. "ఏంటక్కా, నన్ను కూడా నమ్మవా?" అని మామయ్య మొహం ముడుచుకుంటే, "నిన్ను నమ్ముతాన్రా, నీ ఐసును నమ్మను" అనేది. ఆ గుణం నాకు పాలతో పాటే వచ్చింది. కొట్లో పెన్ను కొన్నా నాలుగు గీతలు గీసి చూసేదాన్ని. ఎవరైనా ఊరికే నవ్వితే ఎందుకు నవ్వారా అని ఇంటికి వెళ్ళేదాకా ఆలోచించేదాన్ని.

అలాంటిదాన్ని కయాక్ స్లాలమ్ అనే ఆటలో పడ్డాను. ఒక్కరే కూర్చునే సన్నటి పడవ, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డు, ఉరికే నీళ్ళు. నీళ్ళ మీద అడ్డంగా కట్టిన తీగకు జంటలు జంటలుగా కర్రలు వేలాడదీస్తారు. ఒక్కో జంట ఒక్కో గేటు. ఆకుపచ్చ చారలున్న గేట్లోంచి వాలుకు దిగిపోవచ్చు. ఎర్ర చారలున్న గేటు వస్తే మాత్రం దాని కిందికి దిగి, వెనక్కి తిరిగి, నీటికి ఎదురుగా దాని గుండా పైకి రావాలి. తెడ్డు గానీ ఒళ్ళు గానీ కర్రకు తగిలితే టైముకు రెండు సెకన్లు కలుపుతారు. గేటునే వదిలేస్తే యాభై కలుపుతారు, అప్పుడిక సంచీ సర్దుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు.

దీనికి ఉరికే నీళ్ళు కావాలి. మా డెల్టాలో నీళ్ళకు తొందరెక్కడిది? గోదావరి కూడా మా ఊరి దగ్గరికి వచ్చేసరికి భోజనం చేసిన మనిషిలా నడుస్తుంది. అందుకని మా మాస్టారు కాలువ లాకుల దగ్గర చోటు వెతికారు. అక్కడ నీళ్ళు ఒక మెట్టు కిందికి దూకి, గోడల మధ్య నురగలు కక్కుతూ కొంత దూరం పరుగెత్తుతాయి. మాస్టారు ఎక్కడో కొండల్లో ఈ ఆట నేర్చుకుని వచ్చిన మనిషి. ఉద్యోగం మానేసి మాలాంటి నలుగురు పిల్లలను పోగేశారు. పెద్ద పోటీల్లో గట్టున ప్రతి గేటుకీ ఒక జడ్జి కూర్చుని తగిలిందా లేదా అని చూస్తాడు. మాకు ఉన్నది మాస్టారొక్కరే, ఆయనకు ఉన్నవి రెండు కళ్ళే. అందుకని వెదురుకర్రల పైకొసలకు ఎద్దుల మెడలో కట్టే ఇత్తడి మువ్వలు కట్టారు. కర్రకు తగిలితే మువ్వ మోగుతుంది. మోగితే రెండు సెకన్లు, మోగకపోతే తగల్లేదని లెక్క. మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగితే కర్రలన్నీ వాటంతట అవే మోగుతాయి కాబట్టి, మా ప్రాక్టీసంతా పొద్దున్నే.

పడవలో ఉన్నప్పుడు ఏది తగిలిందో ఒంటికి తెలియదు. నీళ్ళు మొహాన కొడుతుంటాయి, లైఫ్ జాకెట్ మందంగా ఉంటుంది. అందుకని మేం చెవులతో ఆడటం నేర్చుకున్నాం. గేటు దాటాక మువ్వ మోగకపోతే బాగా వెళ్ళామనుకుని ముందుకు పోయేవాళ్ళం. అనుమానానికి పుట్టిన నేను, ఒక్క ఆ మువ్వలను మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాను.

ఆ నలుగురిలో ఆడపిల్లలం ఇద్దరం, పోటీ వయసు వచ్చింది కూడా మా ఇద్దరికే. రెండో అమ్మాయి లాకుల పక్క ఊళ్ళో గుడి అర్చకులుగారి కూతురు. వాళ్ళ నాన్నగారు స్కూటర్ మీద దింపి, గట్టున కూర్చుని పెదాలు కదుపుతూ జపం చేసుకునేవారు. "కూతురు నీళ్ళలో పడకుండా చేస్తున్నాడా, నువ్వు పడాలని చేస్తున్నాడా కనుక్కో" అనేది మా అమ్మ. నవ్వుతూనే అనేది గానీ, నాకు మాత్రం ఆ మాట చెవిలో ఉండిపోయింది.

ఆ ఏడు రాష్ట్ర సెలక్షన్లు అడవిలో ఒక కొండవాగు మీద పెట్టారు. మాస్టారి దగ్గర పోటీకి పనికొచ్చే తేలిక పడవ ఒక్కటే ఉంది. అందుకని మా ఇద్దరిలో ఒక్కరినే పంపుతానన్నారు. వేసవి మరమ్మతులకు కాలువలు కట్టేసేలోపు మా ఇద్దరికీ టెస్టు పెట్టి, ఎవరు నెగ్గితే వాళ్ళను తీసుకెళ్తానన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి నాకు నిద్రలో కూడా గేట్లే. నిజమైన వాగు ఎలా ఉంటుందో నేను ఫోన్లో తప్ప చూడలేదు. వెళ్ళకపోతే ఇంక ఎప్పటికీ చూడనేమోనని భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఎర్ర గేటు సంగతి నా కళ్ళలో పడింది. చివరి గేటు అది, గోడవార ఉంటుంది. మేం ఒకరి వెనక ఒకరం దిగేవాళ్ళం. ఎప్పుడూ నేనే ముందు. వెనకపడి వెళ్ళడం నా వల్ల అయ్యే పని కాదు. నేను ఎర్ర గేటు దాటి, కింద మెట్ల దగ్గర పడవ ఆపి, వెనక్కి తిరిగి చూసేసరికి ఆ అమ్మాయి ఆ గేట్లోకి వస్తుండేది. అప్పుడు గోడ వైపు కర్ర ఊగుతూ కనిపించేది. ఊగేది గానీ, మువ్వ మోగేది కాదు.

ఒక రోజైతే గాలి అనుకున్నాను. రెండో రోజూ అదే. మిగతా కర్రలన్నీ నిలువుగా ఉంటే ఈ ఒక్క కర్రకే గాలి ఎక్కడి నుంచి వస్తుంది? అడిగేశాను. "ఎర్ర గేటుకి తగిలావు కదే?"

"లేదే. మోగలేదుగా."

"ఊగింది."

"ఊగితే ఊగింది. మోగిందా లేదా?" అని జడ విప్పుకుని నీళ్ళు పిండుకుంది. తప్పు చేయని మనిషి అంత తీరిగ్గా జడ పిండుకుంటుందా?

ఇంకో రోజు ముందు బస్సు దొరికి పెందరాళే దిగాను. లాకుల మీద కాలిబాట వంతెన ఉంది. ఆ అమ్మాయి దాని మీద నిలబడి, తీగ తాడు లాగి, ఎర్ర గేటు కర్రను దగ్గరికి తెచ్చుకుని మువ్వను చేత్తో పట్టుకుని ఉంది. తీగల మీద ఎవరూ చెయ్యి వేయకూడదని మాస్టారి ఆర్డరు. నన్ను చూడగానే తాడు వదిలేసింది.

"ఏం చేస్తున్నావే?"

"ఏం లేదు. ముడి ఊడిందేమోనని చూస్తున్నా."

ముడి చూసేవాళ్ళు ముడి పట్టుకుంటారు గానీ మువ్వ పట్టుకుంటారా? ఇంక నాకు సందేహం లేదు. మువ్వలో ఏదో కుక్కింది. ఆ రోజంతా ఆమె వేళ్ళ వైపే చూశాను. వాళ్ళ నాన్నగారి జపం మీద కూడా నమ్మకం పోయింది. మాస్టారు "బాగా తిప్పావమ్మా" అని ఆమెను మెచ్చుకుంటే, ఈయనకు కూడా తెలుసేమో అనిపించింది.

సాయంత్రం అమ్మకు చెప్పాను. అమ్మ కత్తిపీట మీద రొయ్యలు ఒలుస్తోంది. "ఇప్పుడే అరవకే పిల్లా," అంది. "పాడు చేప ఉందని ముందే అంటే తట్ట మార్చేస్తారు. తూకం వేసేటప్పుడు పట్టుకోవాలి." నాకు ఆ మాట బాగా నచ్చింది. టెస్టు రోజు దాకా నోరు కుట్టేసుకున్నాను. ఆమె పలకరిస్తే పలికేదాన్ని, అంతే. ఇంటి నుంచి పులిహోర తెచ్చి పెడితే ఆకలి లేదనేదాన్ని. ఆకలి దంచేస్తున్నా సరే.

టెస్టు రోజు మాస్టారు రెండు చేతుల్లో రెండు స్టాప్‌వాచీలు పట్టుకున్నారు. అసలు పోటీల్లో లాగే ఒకరు మొదటి గేటు దాటగానే రెండోవాళ్ళను వదులుతానన్నారు. ముందు నేను దిగాను. ఆ రోజు నీళ్ళు నా మాట విన్నాయి. పచ్చ గేట్లు ఒక్కటీ మోగలేదు. ఎర్ర గేటు కింద పడవను తిప్పి, తెడ్డు రెండుసార్లు బలంగా వేసి పైకొచ్చి, మళ్ళీ వాలుకు తిరిగాను. అదీ మోగలేదు. గీత దాటి, ఊపిరి తీసుకోకుండానే వెనక్కి చూశాను.

ఆ అమ్మాయి ఎర్ర గేట్లో ఉంది. గోడ వైపు కర్ర ఊగుతోంది. మువ్వ మోగలేదు.

"మాస్టారండీ!" అని అరిచాను. ఆమె ఇంకా గీత దాటనేలేదు. "ఎర్ర గేటు మువ్వ చూడండి! ఆ మువ్వ మోగదండీ! తగిలింది, నేను చూశాను!" నా గొంతుకు గట్టు మీద మేకలు బెదిరాయి. అర్చకులుగారు జపం ఆపి లేచి నిలబడ్డారు.

ఆ అమ్మాయి గీత దాటగానే మాస్టారు రెండో వాచీ ఆపారు. వంతెన మీదికి వెళ్ళి తాడు లాగి మువ్వను వేళ్ళతో ఊపారు. చప్పుడు లేదు. నేను ఆ అమ్మాయి మొహం చూశాను. ఆమె తల దించుకుంది. దొరికింది అనుకున్నాను. అంత సంతోషం నాకు పోటీల్లో కూడా ఎప్పుడూ కలగలేదు.

మాస్టారు మువ్వ నోట్లోంచి గోటితో మట్టి గీరారు. మట్టి పెళ్ళలతో పాటు చిన్న చిన్న పచ్చ పురుగులు ఆయన అరచేతిలో రాలాయి. "కుమ్మరి కందిరీగమ్మా," అని నవ్వారు. "గోడలకి మట్టిగూడు కడుతుంది చూడూ, అదే. పిల్లలకి మేతగా ఈ పురుగుల్ని పెట్టి ఇందులో కట్టింది. ఎన్నాళ్ళయిందో." మట్టంతా దులిపి మువ్వను ఊపితే ఖంగుమంది.

ఆయన వాచీలు రెండూ చూసుకుని, "నువ్వు ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే బాగుండేదమ్మా," అన్నారు. "నీ టైమే తక్కువ. ఒకటిన్నర సెకను ముందున్నావు. కానీ మువ్వ చచ్చిందని నువ్వే అన్నావు. ఇంక ఈ లెక్క చెల్లదు. ఇద్దరూ మళ్ళీ దిగండి."

నెగ్గిన పోటీని నా నోటితో నేనే రద్దు చేయించుకున్నాను. ఈసారి మాస్టారు ఆ అమ్మాయిని ముందు వదిలారు. ఆమె ఎర్ర గేట్లో గోడకు దూరంగా, కాస్త టైము పోయినా ఫర్వాలేదన్నట్టు వెడల్పుగా తిరిగింది. కర్ర కదల్లేదు. మువ్వ బతికింది కాబట్టి ఇప్పుడు జాగ్రత్త పడుతోందిలే అనుకున్నాను. చూశారా, అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. తర్వాత నేను దిగాను. కోపంలో ఇందాకటికంటే వేగంగా వెళ్ళాను. ఎర్ర గేటు కింద ఎప్పటిలాగే తిప్పాను, ఎప్పటిలాగే పైకొచ్చి వాలుకు తిరిగాను. నా వెనక మువ్వ సైకిల్ బెల్లులా మోగింది.

మోగినందుకు రెండు సెకన్లు. ఓడిపోయాను. బస్సులో కిటికీ పక్క కూర్చుని, కండక్టరు టికెట్ అడిగినా పలకలేనంతగా ఏడ్చాను.

ఆ అమ్మాయి సెలక్షన్లకు బయల్దేరే రోజు, పడవను వ్యాను మీదికి ఎక్కించడానికి మనుషులు కావాలని మాస్టారు ఫోన్ చేశారు. వెళ్ళకూడదనే అనుకున్నాను. వెళ్ళకపోతే నా గురించి ఏమనుకుంటారోనని వెళ్ళాను. ఆమె ముందు కొస, నేను వెనక కొస పట్టుకున్నాం. పడవ పైకెక్కి, తాళ్ళు కడుతున్నప్పుడు మేమిద్దరమే ఉన్నాం.

"అది మోగట్లేదని నాకు ముందే తెలుసే," అంది, నా వైపు చూడకుండా. "వంతెన మీద నువ్వు చూసిన రోజు ఊపి చూశా. అప్పటి నుంచి దాన్ని నమ్మకుండా దూరంగా తిరగడం ప్రాక్టీసు చేశా."

"దూరంగానా? నువ్వు తగిలేదానివి. నా కళ్ళతో చూశాను, కర్ర ఊగేది."

"ఊగేది. నేను వచ్చేసరికే ఊగుతూ ఉండేది." తాడు ముడి బిగించి అప్పుడు నా మొహంలోకి చూసింది. "నువ్వు వాలుకు తిరిగేటప్పుడు నీ జాకెట్ వీపు తగిలేది. రోజూ. నీ వెనకే వచ్చేదాన్నిగా, నాకు కనపడేది."

ఇన్నాళ్ళూ నేను వెనక్కి తిరిగి చూసి ఆమె మీద వేసిన నేరం నాదే. ఒళ్ళు మండింది, సిగ్గేసింది, ఏది ముందో చెప్పలేను.

"మరి చెప్పలేదేం?" అన్నాను. "రోజూ చూస్తూ కూడా నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నానే," అంది. "కొంచెం దూరంగా తిరుగు, తగులుతున్నావు అని నేనంటే, నువ్వు నమ్మేదానివా?"

వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె జవాబు కోసం ఇంకా నిలబడే ఉంది. నా టైము పెంచడానికి ఎత్తు వేస్తోందనుకుని, ఇంకా గోడకు ఆనుకుని తిరిగేదాన్ని. అది మా ఇద్దరికీ తెలుసు.

"నమ్మేదాన్ని కాదు," అన్నాను.

ఆమె తలూపి వ్యాను ఎక్కింది.