కురచ చేసిన బాణం

ఒక బరువు ఏళ్ళ తరబడి నాతోనే లేస్తోంది, నాతోనే పడుకుంటోంది. మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను. అది ఒక పటంలోని బాణం గుర్తు. గోరంత ఉంటుంది. ఉండవలసింది అంత కాదు.

వరదకు హొగేనక్కల్‌లో పాత రేవుదారి పాడైతే, అక్కడివాళ్ళు పరిసలు అనే పుట్టీలకు కొత్త దారి వెతకడానికి కావేరి ప్రవాహాన్ని కొలిచారు. పటం గీసే పని నాది. కొలిచిన ప్రతి చోటా ఒక బాణం: మొన నీరు పోయే దిక్కు, పొడవు నీటి వేగం. ఒక బండ పక్కన వేగం విపరీతంగా వచ్చింది. ఆ బాణాన్ని పూర్తి పొడవుతో వేస్తే, మిగిలినవన్నీ చీమలంతయ్యాయి. పటం వికారంగా కనిపించింది. యంత్రం తప్పు చూపిందేమో అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? కూడికలో ఒక్క అంకె తేడా వస్తే అన్నం ముట్టనివాణ్ణి, ఆ రోజు మళ్ళీ కొలవమని ఎందుకు అడగలేదు? బాణాన్ని మిగతావాటికి సమానంగా కురచ చేశాను. కింద ఒక్క మాటా రాయలేదు. పటం పొందికగా ఉందని మెచ్చుకున్నారు.

దాన్ని చూసే బండ పక్కగా దారి నిర్ణయించారు. మొదటి వారమే పెరుమాళ్ళు అనే పడవవాడు, ఒంటరిగా పుట్టి తిప్పుకొస్తూ, ఆ బండ దగ్గర మునిగిపోయాడు. తాగి తెడ్డు వేశాడన్నారు.

అతని అన్న మునియప్ప ధర్మపురిలో మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, మావాడు తాగి చచ్చినాడంటా ఉండారు. తాగితే వాడు చెప్పులే ఏసుకోలేడు, పరిసలు ఎట్ల తోస్తాడు? పటము గీసినోడివి నువ్వు. ఆ బండకాడ నీళ్ళు ఈడ్చేది దాంట్లో ఉన్నిందా?"

"లేదప్పా. అన్నీ ఒకే మాదిరి ఉండాయి."

"సరిన్నా. అట్లయితే వాడిదే తప్పు."

పటం వరకు నేను చెప్పింది నిజమే. అందుకేనా అంత సులువుగా నోట వచ్చింది?

పెరుమాళ్ళు భార్య ఇప్పటికీ ఒడ్డున చేపలు వేయిస్తోంది. ఆమెను తాగుబోతు పెండ్లామని పిలవడం ఈ చెవులతో విన్నాను. విని, చేపల పొట్లం పట్టుకొని బస్సెక్కాను.

నిన్న ఆ పాత కొలతలతోనే పటాన్ని మళ్ళీ గీశాను. ఒక్క బాణం కాగితం అంచుదాకా పోయింది. దాన్ని మునియప్పకు చూపలేదు. అతను మాట్లాడేది మన తెలుగే, చదివేది అరవం. ఈ అక్షరాలు అతనికి రావు. అందుకే వీటిలో రాస్తున్నానేమో. అయినా అతను అడిగినదానికి జవాబు ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఉన్నింది, మునియప్పా. నీళ్ళు ఈడ్చేది ఉన్నింది. నేనే కురచ చేసినాను. మీవాడిది తప్పు కాదు.