కాటయ్య తలమీది నీళ్లు

కృపాకర్ బిషప్ అయిన రోజున మిర్యాలగూడ రైస్‌మిల్లు హమాలీలు ఆయన్ని భుజాలకెత్తుకుని తిప్పారు. ఒకప్పుడు వాళ్లతో కలిసి బస్తాలు మోసినవాడే మరి. సూర్యాపేట హాస్టల్లో చదువు, సెలవుల్లో మిల్లు పని, ఆపైన పాస్టరు చదువు. మొదట చివ్వెంల చర్చి, తర్వాత కోదాడ చర్చి, చివరికి ఊదారంగు అంగీ, చేతిలో కాపరికర్ర. ఎన్ని తలలమీద బాప్తిస్మం నీళ్లు పోశాడో ఆయనకే లెక్క తెలియదు.

వచ్చే నెల రిటైర్మెంటు. ఆదివారం కోదాడలో చివరి హస్తనిక్షేపణ. పసితనంలో బాప్తిస్మం పొందిన పిల్లలు ఎదిగాక, బిషప్ వాళ్ల తలమీద చెయ్యిపెట్టి సంఘంలో నిలబెట్టే ఆరాధన అది. ముందురోజు తల్లి పెంటమ్మను చూడటానికి నిడమనూరు వచ్చాడు. వాకిట్లో అన్నం తింటుంటే, చిన్ననాటి దోస్తు కాటయ్య గొర్లను తోలుకుంటూ అటు వచ్చాడు.

"రారా, అసలు కృపాకర్," అని నవ్వింది పెంటమ్మ.

"అదేందమ్మా?" అన్నాడు కొడుకు.

"నీకు సెప్పలేదా? సూర్యాపేట అయ్యగారు బాప్తిస్మాలు ఇయ్యనీకి వచ్చిననాడు నీకు తట్టు లేసింది. నీళ్లు తాకితే ఏమైతదోనని ఇంట్లనే పండవెట్టుకున్న. ఆయనేమో 'పెంటమ్మా, బాబును తేమ్మా' అని పిలిచిండు. ఈ కాటిగాని తల్లిది గూడ అదే పేరాయె. ముందు పుట్టినోళ్లు దక్కకపోతే పెంటమీద ఏసి తీసిన పిల్లలమే ఇద్దరం. ఉత్తగ సూడవోయిన వీని తల్లి, దీవెన ఇస్తడేమోనని కొడుకును చేతిల వెట్టింది. కృపాకర్ అని వీనికి పోసిండు నీళ్లు."

ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. "మరి నాకు?"

"పిలిచిన పేరు నీదే గద బిడ్డా. నీకు ముట్టినట్టే అనుకున్న."

కాటయ్య గడ్డం గోక్కున్నాడు. "గందుకేనారా గొర్లు నా ఎంట వడ్డయ్? నీకు వట్టి కర్రనే మిగిలింది."

ఇంకో రోజైతే కృపాకర్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. బాప్తిస్మం లేనివాడు పాస్టరు కాలేడు. పాస్టరు కానివాడు బిషప్ ఎట్లా అవుతాడు? రేపు ఆ పిల్లల తలమీద పెట్టేది ఎవరి చెయ్యి? ఎంగిలి చేతిని కడుక్కోవడం కూడా మరిచి, ఎండిపోతున్న వేళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు.

చివరికి చెంబుతో నీళ్లు తెచ్చి తల్లి ముందు మోకరించాడు.

"పొయ్యమ్మా. అవసరమొస్తే బాప్తిస్మం ఉన్నోళ్లు ఎవరైనా ఇయ్యొచ్చు."

"రోజూ నీ తలకు పోసిన దాన్నే, గిదెంత," అంటూ చెంబు అందుకుంది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అంటూ కొడుకు చెప్పిన మాటల్ని ఒక్కొక్కటే పలికి, కళ్లల్లో పడకుండా అతని నుదుటికి అరచెయ్యి అడ్డంపెట్టి, చెంబంతా గుమ్మరించింది.

మర్నాడు కోదాడలో ఆయన ఊదా అంగీ వేసుకోలేదు. తెల్లచొక్కాతో నిలబడి జరిగిందంతా చెప్పాడు.

"నేను నిన్ననే క్రైస్తవుణ్ణయ్యాను. బిషప్‌నో కాదో మిగతా బిషప్‌లు తేల్చాలి. అప్పటిదాకా ఈ పిల్లలమీద చెయ్యి పెట్టలేను."

 మోకాళ్లమీదున్న పిల్లలు లేవాలో వద్దో తెలియక అలాగే ఉన్నారు. సంఘపెద్ద వీరేందర్ మెల్లగా లేచాడు.

"అయ్యగారూ, మా పెళ్లి చేసింది మీరే గదండీ. అది చెల్లుద్దా?"

"చెల్లకపోతే యాడికి పోదామని? కూర్చో," అంటూ భార్య అతని చొక్కా పట్టి లాగింది.

కృపాకర్ వేదిక మెట్లు దిగి వచ్చి, పిల్లల వరస చివర తానూ మోకరించాడు.