నీళ్ళబండి పాటలో తప్పుడు స్వరం

గుత్తి ఇంజన్ షెడ్డులో బొగ్గెత్తే కలాసీ యేసన్న చేతికి గిటారు రావడమే పెద్ద పొరపాటని ఊళ్ళో సంగీతం తెలిసినవాళ్ళంతా ఏకగ్రీవంగా తేల్చారు. ఆ పొరపాటు చేసింది డ్రైవరు డిక్రూజు దొర. పందొమ్మిది వందల అరవై ఒకటిలో ఆయన సంసారం చుట్టబెట్టుకుని ఆస్ట్రేలియాకు పోతూ, ఓడలో పట్టని సామాన్లను తెలిసినవాళ్ళకు పంచిపెట్టాడు. గార్డుకు కుక్క వచ్చింది, యేసన్నకు గిటారు వచ్చింది. కుక్క ఆరునెలల్లో చచ్చిపోయింది. గిటారు చావలేదు. అందరి బాధా అదే.

వెళ్ళేముందు దొర నాలుగు ఆదివారాలు కూర్చోబెట్టి యేసన్నకు మూడు కార్డులు నేర్పాడు. కార్డంటే రేషను కార్డు కాదు, మూడు నాలుగు స్వరాలను కలిపి ఒక్కసారే మోగించడం. గ్రామఫోను మీద రాకెన్‌రోల్ ప్లేట్లు తిప్పి వినిపించి, "ఈ మూడు చాలు మ్యాన్, అన్ని పాటలూ దీంట్లోనే ఉంది" అని వచ్చీరాని తెలుగులో దీవించి రైలెక్కాడు.

ఏడాది తిరిగేసరికి యేసన్నకు ఆ మూడింటి మీదా విసుగు పుట్టింది. మొదటిది, రెండోది, మూడోది, మళ్ళీ మొదటిది. డ్యూటీకి పోయి ఇంటికొచ్చినట్టే ఉండేది. అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం షెడ్డులో రెండు ఇంజన్లు ఒకేసారి కూతపెట్టాయి. ఒకదాని గొంతు కంటే ఇంకొకదాని గొంతు పిసరంత ఎక్కువ. రెండూ ఒకదాన్నొకటి రాసుకుని గాలిలో వణికాయి. తోటి కలాసీలు చెవులు మూసుకున్నారు. యేసన్న పార కిందపెట్టి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఫోర్‌మన్ దానికి పని ఎగ్గొట్టడం అని పేరు పెట్టాడు.

ఆ వణుకు కోసం యేసన్న వారంరోజులు గిటారు మెట్లన్నీ గాలించాడు. చివరికి దొర నేర్పిన కార్డు దగ్గర్నుంచి వేళ్ళను ఒక్క మెట్టు పైకి జరిపితే దొరికింది. దాని మీద పాట కట్టాడు. ఆ ఏడు వానల్లేవు. అంతకు ముందేడు మాత్రం ఉన్నాయా అంటే అదీ లేదు. రైల్వే క్వార్టర్లకు ట్యాంకు వ్యాగన్లలో నీళ్ళొచ్చేవి. జనం బిందెలతో చేరేసరికి అడుగున తుప్పు మిగిలేది.

"నీళ్ళబండి వచ్చెనే, నీళ్ళు యాడ పోయెనే" అని మొదలవుతుంది పాట. ఆ "యాడ" దగ్గర గొంతు బుద్ధిగా కిందికి దిగాలి. అది దిగదు. పిసరంత పైకెక్కి అక్కడే వేలాడుతుంది. పక్కన అతని భార్య అక్కమ్మ మొదటినుంచి చివరిదాకా ఒకే స్వరం మీద "నీళ్ళు, నీళ్ళు" అంటూ ఉండాలి.

"నేను యాడికి పోయినా నువ్వు మాత్రం కదలొద్దు" అని నేర్పించాడు యేసన్న.

"పెండ్లైన కాడ్నుంచి నేను చేసేది అదే కదా" అంది అక్కమ్మ.

నాటక సమాజంలో హార్మోనియం వాయించే వెంకటేశులు అయ్యవారు ఈ పాట విని తీవ్రంగా జాలిపడ్డాడు.

"ఇది ఏం రాగమప్పా, యేసన్నా?"

"తెలీదు సామీ."

"తెలీకుండా ఎట్ల పాడ్తాండావు?"

"నోటితోనే సామీ."

"యాడ అనే కాడ స్వరం తప్పింది. సరిచేస్కో."

"తప్పలేదు సామీ. నేనే పెట్టినా."

జబ్బు ముదిరినవాడే జబ్బు లేదంటాడని అయ్యవారికి అనుభవం. అందుకే అరవై నాలుగులో రైల్వే ఉద్యోగుల క్లబ్బు, అదే ఇన్‌స్టిట్యూటు, వార్షికోత్సవానికి యేసన్న పేరిచ్చినప్పుడు, పోటీకి తానే న్యాయనిర్ణేత అయినా, పక్కన కూర్చుని హార్మోనియం కూడా తానే వాయిస్తానని పట్టుబట్టాడు. రోగిని ఒంటరిగా వదలకూడదు కదా.

ఆ సాయంత్రం పాట "యాడ" దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అయ్యవారు సరైన స్వరం పట్టుకుని యేసన్నను కిందికి గుంజాడు. యేసన్న పైనే వేలాడాడు. అక్కమ్మ మధ్యలో కదలకుండా నిలబడింది. పాట చివర కూడా గిటారు ఆ వణికే కార్డు మీదే ఆగిపోయింది. ఇంకా ఏదో రావాలని సభంతా ఎదురుచూసింది. మెట్లు దిగుతూ చివరి మెట్టు కోసం కాలు చాపి పట్టుకున్నట్టు ఉంది జనం పరిస్థితి. సభాధ్యక్షుల వారు ముందుకు వంగి అడిగారు.

"అయిపోయిందా?"

"అయిపోయింది సార్."

"అట్లయితే చప్పట్లు కొట్టండి" అని ఆయన ఆజ్ఞాపించారు. కొట్టారు.

బహుమతి కూడా వచ్చింది. పాటల విభాగంలో కాదు, మిమిక్రీ విభాగంలో. రెండింజన్ల కూతలను అచ్చుగుద్దినట్టు అనుకరించినందుకు ప్రథమ బహుమతి, ప్లాస్టిక్ సబ్బుపెట్టె ఒకటి. ఈ ఆలోచన అయ్యవారిదే. కళాకారుణ్ణి ఉత్తచేతుల్తో పంపడం ఆయనకు నచ్చదు.

ఇంటికి నడుస్తూ యేసన్న సబ్బుపెట్టె మూత తెరుస్తూ మూస్తూ పోయాడు. అక్కమ్మే ఊరడించింది. "కూత అన్నారంటే, నువ్వు యాడ్నుంచి తెచ్చినావో కనిపెట్టినట్టే కదయ్యా." ఆ ఊరడింపు అతన్ని ఇంకా పొడిచింది. గిటారును గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. రెండు నెలలు దాని ముఖం చూడలేదు.

జూలైలో నాలుగు చినుకులు పడి, వేరుశనగ చేలల్లో కలుపు తీతలు మొదలయ్యాయి. ఒకరోజు డ్యూటీ దిగి సైకిలు మీద వస్తున్న యేసన్నకు కట్టకింద చేలో తన పాట వినిపించింది. కూలీల ముఠాకు ముందుండే నల్లమ్మ ఎత్తుకుంటోంది, వెనక ఏడెనిమిది మంది ఆడవాళ్ళు "నీళ్ళు, నీళ్ళు" అని ఒకే స్వరం మీద నిలబడుతున్నారు. యేసన్న గుండె ఉబ్బింది. "యాడ" వచ్చేదాకా ఉబ్బింది. అక్కడ వాళ్ళు అతను పెట్టిన చోటు దాటి ఇంకా పైకి పోయి, విరిగినట్టు ఆగిపోయారు.

యేసన్న సైకిలు పడేసి చేలోకి దిగాడు. "నల్లమ్మా! తప్పు పాడ్తాండారు. యాడ అనే కాడ స్వరం అంత పైకి పోగూడదు. సరిచేస్కోండి."

నల్లమ్మ తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "వంగి కలుపు తీస్తాంటే గొంతు ఆడికే పోతాది. నీది నువ్వు పాడుకో అన్నా. మాది మాకు బాగుండాది."

సంగీతం తెలియని జనంతో వాదించి లాభం లేదని యేసన్న ఇంటిదారి పట్టాడు. అటక మీది గిటారు దించి, వాళ్ళు పాడింది ఎంత తప్పో తనకు తానే నిరూపించుకోవాలని మెట్టు వెతికాడు. దొరికింది. తన స్వరం కంటే అదే బాగుంది. పదిహేను రోజులపాటు రకరకాలుగా వాయించి చూసినా అదే బాగుంది.

పదహారో రోజు అక్కమ్మను పిలిచి, "పాటలో చిన్న మార్పు చేసినా, విను" అని గంభీరంగా వాయించాడు.

అక్కమ్మ చేటలో బియ్యం ఏరుతూ విన్నది. "ఎవురు చేసినారు?"

"నేనే. వేళ్ళు అట్ల పోయినాయి."

"పోయింటాయిలే" అంది ఆమె, ఒక రాయి ఏరి పారేస్తూ. "కలుపులు మొదలైనప్పుడు నల్లమ్మ గుంపుతో పోయి ఆ పాట నేర్పిచ్చింది నేనే. ఆడ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు గదా, నాకు పోవాలనిపిచ్చిన కాడికి పోయినా."

యేసన్న కాసేపు గిటారు తీగల్ని తుడిచాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు.

"అయితే ఈ తూరి పైగొంతు నువ్వు పాడు" అన్నాడు చివరికి. "నేను కింద నిలబడ్తా."

"కదలకుండా నిలబడ్తావా?"

"చూస్తా."

అక్కమ్మ చేట పక్కనపెట్టి ఎత్తుకుంది. మూడో మాటకే యేసన్న కదిలాడు. మళ్ళీ మొదటినుంచి రమ్మంది.