బాగుండానన్న మాట

మొన్న మంగళవారం ఉదయం పదీ ఇరవైకి కర్నూలు ఆసుపత్రిలో మా మనవరాలిని కౌన్సెలింగ్ గదిలోకి పిలిచారు. ఆరో నెల. కాన్పు తలుచుకుంటే గుండె దడ, అన్నం సయించదు. నన్నూ రమ్మని చెయ్యి పట్టుకుంది. లోపలి అమ్మాయి, "దేనికి భయమైతాంది? నిదానంగా చెప్పమ్మా, తొందరేం లేదు" అని నలభై నిమిషాలు విన్నది. గడియారం చూసే చెబుతున్నాను.

నన్ను ఆ మాట అడిగినవారు లేరు.

కోయిలకుంట్లలో నా తొలిచూలు నాటికి నాకు పందొమ్మిదేళ్లు. మా పిన్ని కాన్పులో పోయినప్పుడు పక్కనే ఉన్నదాన్ని కాబట్టి, నెలలు పెరిగేకొద్దీ నాకూ అదే గతి పడుతుందేమోనని ముద్ద దిగేది కాదు. ఐదో నెలలో అత్తతో చెప్పాను. ఆమె చెడ్డది కాదు, మీగడ కట్టిన పాలు నాకే పోసేది; కానీ కడుపుతో ఉన్న మనిషి భయాన్ని నోటితో అంటే అది బిడ్డకు తగులుతుందని ఆ ఇంటి నమ్మకం. నా చేత మూడుసార్లు నోరు పుక్కిలింపజేసి, ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసింది. "మేమంతా కనలేదా మే? నీదొక్కదేనా కాన్పు? ఎవరడిగినా బాగుండానని చెప్పు" అంది. వసారాలో కూర్చున్న ఆడబిడ్డ, "వదినకు భయం కాదులేమ్మా, పని తప్పించుకునే రోగం" అని నవ్వింది.

ఆనాటినుంచి అందరికీ అదే చెప్పాను. భయం పోయిందని ఇల్లంతా సంతోషించింది. నేర్పిన మాటను మరీ బాగా నేర్చుకున్నాను, అదే నా తప్పు. ఎనిమిదో నెలలో ఒక గురువారం పొద్దున బిడ్డ కదలలేదు. మధ్యాహ్నం అత్త వచ్చి ఎట్లుండావని అడిగింది. బాగుండానన్నాను. శుక్రవారమూ అదే మాట. శనివారం నొప్పులు మొదలై నంద్యాలకు తీసుకుపోతే, డాక్టరమ్మ కడుపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విని, ఎప్పటినుంచి కదలిక లేదని అడిగింది. గురువారం నుంచి అన్నాను. అత్త నా ముఖంలోకి చూసి, "నాకెందుకు చెప్పలేదు మే?" అంది.

జవాబు చెప్పకుండానే ఇరవై రెండేళ్లు ఆమెకు వండిపెట్టాను.

ఇప్పుడు భయాన్ని కూడా రక్తపోటులాగే కార్డులో రాసుకుంటున్నారు, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతున్నారు. మంచిదే. కాకపోతే నా వయసు ఆడవాళ్లకు ఆ సంతోషం పూర్తిగా రాదు. నాకు పోయినవి ఇవి: చెప్పుకోగలిగీ చెప్పని రెండు రోజులు, ఒక ఆడపిల్ల, ఆ తరువాత ఇద్దరు కొడుకులను మోసిన పద్దెనిమిది నెలలు, వాటిలో ఒక్కరోజూ సంతోషంగా లేను.