పదకొండు క్యాసెట్ల ప్రేమకథ

పుట్టింటికి పోయిన పెళ్లాన్ని తెచ్చుకోవడానికి థాయిలాండ్ సాయం అడిగిన మొగుడు, కరీంనగర్, ఆదిలాబాద్ రెండు జిల్లాలు గాలించినా నేనొక్కణ్ణే దొరుకుతాను. ఆ సాయం నా కాపురాన్ని ఎంత లోతున ముంచిందో చెబుతాను. నవ్వండి, మొహమాటం వద్దు. అప్పట్లో చెన్నూరులో మా అత్తగారి వాడంతా నవ్వింది.

నేను కరీంనగర్‌లో దుకాణాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. బేరం నాకు విద్య కాదు, జబ్బు. పెళ్లయిన కొత్తలో మా సరోజ ఒక చీర ముచ్చటపడింది. ధర తగ్గించడానికి నేను అంచు బాగాలేదన్నాను, రంగు వెలుస్తుందన్నాను. దుకాణదారు దిగలేదు. చివరి బాణంగా, నలుగురు వింటుండగా, "గీమె నల్లగున్నది, గీ రంగు గీమెకు నప్పది, జర తగ్గియ్యి" అన్నాను.

ధర దిగింది. సరోజ చెన్నూరు బస్సెక్కింది.

నెల గడిచింది. ఉత్తరం రాస్తే జవాబు లేదు. అప్పుడే పత్తి పని మీద భైంసా పోతే, ఒక క్యాసెట్ల వ్యాపారి డబ్బా చూపించాడు.

"బ్యాంకాక్ మాల్ భాయ్! ఆడ టీవీల వచ్చిన లవ్ సీరియల్. పన్నెండు క్యాసెట్లు."

"భాష రాదు గద, అర్థమెట్లయితది?"

"ఏడుపుకు భాషెందుకయ్యా?"

మొదటి క్యాసెట్ కాస్త వేసి చూపించాడు. వాన. ఒక అందగాడు పిల్లకు గొడుగు పట్టి, రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టాడు. నా సమస్యకు మందు దొరికిందనుకున్నాను. గంటసేపు బేరమాడి సగానికి దించాను. "పరేషాన్ చెయ్యకు, తీస్కపో" అని అతను డబ్బా కట్టి చేతిలో పెట్టాడు. గెలిచిన మత్తులో విప్పి చూడలేదు.

టీవీ, వీసీఆర్ కిరాయికి తీసుకుని అత్తగారింటి వసారాలో పెట్టించాను. వాడలోని ఆడవాళ్లంతా చాపలు తెచ్చుకున్నారు. సరోజ గడప లోపలే కూర్చుంది, మొహం పక్కకు. నేను టీవీ పక్కన నిలబడి తెలుగులో కథ చెప్పడం మొదలుపెట్టాను. గొడుగు రాగానే గొంతు పెంచి, "జూసినవా అత్తమ్మా, గా పిలగాడు అచ్చం నా తీరే!" అన్నాను.

ఆలు పుట్టింట్లో, కథ పరాయి భాషలో, అల్లుడి పేరు హీరో!

నిజం చెప్పాలంటే సీరియల్‌లో సరుకుంది. ఆ పిల్ల కళ్లతోనే సగం కథ చెప్పేది. పాటెత్తుకోగానే ఒక్క ముక్క అర్థం కాకుండానే వసారా అంతా ముక్కులు చీదేది. ఇక ఆ విలనమ్మ అరుపులకు పక్కింటి బర్రె పాలు ఎగబెట్టింది. లోపాలూ తక్కువేం కాదు. ఒక్కో చూపు ఎంతసేపంటే, అది మొదలయ్యాక ఎసరు పెట్టి, అన్నం వార్చి వచ్చినా వాళ్లు చూసుకుంటూనే ఉండేవాళ్లు. అన్నిటికన్నా పెద్ద లోపం నాలుగో క్యాసెట్‌లో బయటపడింది. హీరో ఆ పిల్లను చెయ్యి పట్టి లాగి పడవలో పడేశాడు. ఎందుకో నాకూ తెలియదు.

"ఎటు గుంజుకపోతుండు అల్లుడా?" అంది అత్తమ్మ.

"దవాఖానకు అత్తమ్మా. పిల్లకు జరమొచ్చింది."

పడవ దిగాక వాడు ఆ పిల్లను ఒక ఇంట్లోకి తోసి తలుపు మూశాడు.

"దవాఖానైతే బయటికెళ్లి గొళ్లెమెందుకు వెట్టిండు?"

"అంటురోగమట."

"అంటురోగమున్న పిల్లతోని బట్టలు ఉతికిపిస్తరా?" అంది పక్కింటి మల్లక్క. "జూసి జెప్పు. వీడు నీ తీరే అంటివి గద!"

అప్పటి నుంచి తెరమీద వాడు కసిరినప్పుడల్లా వసారాలో తలలన్నీ నా వైపు తిరిగేవి. పాపం వాడిది, శాపనార్థాలు నావి. నాలుగో రోజు మధ్యాహ్నానికి పదకొండో క్యాసెట్ అయింది. ఆ పిల్ల సంచీ సర్దుకుని, పడవెక్కి తల్లి దగ్గరికి పోయింది. వసారా చప్పట్లతో దద్దరిల్లింది.

"శెబాష్ బిడ్డా! గట్లనే చెయ్యాలె!"

"ఆగుండ్రి, ఇంకోటున్నది! అండ్ల వాడు కాళ్ల మీద వడ్తడు!" అంటూ డబ్బాలో చెయ్యి పెట్టాను. అడుగున క్యాసెట్ లేదు. క్యాసెట్ మందాన కుక్కిన పత్తి ఉంది.

డబ్బా మీదున్న దుకాణం నంబరు పట్టుకుని ఫోన్ బూత్‌కు ఉరికాను. "శేఠ్, ఆఖరు క్యాసెట్ ఏది?"

"నువ్వు ధర తగ్గియ్యమంటివి. నేను సరుకు తగ్గించిన. హిసాబ్ బరాబర్."

తిరిగొచ్చేసరికి అందరూ ఎక్కడివాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు. సరోజ నెల రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"ఆఖర్ల ఏమైతది?"

"వాడు తప్పు ఒప్పుకుంటడు."

"భాష రాదు, క్యాసెట్ లేదు, నీకెట్ల ఎరుక? సరే, వాడు చెప్పేది నువ్వే చెప్పు. గీడనే, అందరి ముంగట. నన్ను అన్నది గూడ అందరి ముంగటనే గద."

ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. చేతిలో సంచీ ఉంది. అప్పటికే సర్దుకుని ఉందన్నమాట! 'తప్పయింది' అనే ఒక్క మాట దూరంలో ఉంది నా కాపురం. చేతులు జోడించాను. గొంతు సవరించుకున్నాను. నా పాడు నోరు తెరుచుకుంది.

"తప్పు చెరి సగం అనుకుందామా?"

మల్లక్క చెంపలు వేసుకుంది. సరోజ సంచీ కింద పెట్టింది.

"కరీంనగర్ బస్సు నాలుగు గంటలకు. టీవీ మర్చిపోకు" అని లోపలికి పోయింది.

మరో మూడు నెలలు చేతులు కాల్చుకుని వండుకున్నాక, వట్టి చేతులతో పోయి, అదే వసారాలో అదే జనం ముందు మొత్తం తప్పు నాదేనని చెప్పి తెచ్చుకున్నాను. కాబట్టి పాఠక మహాశయులారా, మా వంశంలోని సమస్త దుకాణదారుల సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: ఇంకెన్నడూ క్షమాపణ దగ్గర బేరమాడను. అడిగినంతా చెప్పుకుంటాను, పైన కొసరు కూడా వేస్తాను.