విడుదల కాగితం

ప్రభుకిరణ్‌ది గోల్‌మురి, తెలుగువాళ్లు ఏనాడో వలస వెళ్లి స్థిరపడిన ఒక హిందీ ఊరి పేట. తండ్రి లాజరస్ రేకుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు చదువులో అంతంతమాత్రమే గానీ, ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో అతని ఎడమకాలికి పేరుండేది.

ఇరవై మూడో ఏట, 2012లో, కోల్‌కతాలో ఒక సెలక్షన్‌కి వెళ్లాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌ని ఇక్కడ ఆడించి టీవీలో చూపించాలని ఒక కంపెనీ కొత్తగా లీగ్ పెడుతోంది. ఆ ఆటలో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఎక్కువగా చేతులతోనే ఆడతారు. జట్టులో ఒక్కడికి మాత్రం కాలితోనే పని. తోటివాడు బంతిని నేలమీద నిలబెట్టి వేలితో పట్టుకుంటే, దాన్ని రెండు స్తంభాల మధ్య నుంచి తన్నాలి. నాలుగు కిక్కులు చూసి ప్రభుకిరణ్‌ని తీసుకున్నారు. ఇంగ్లీషులో పదహారు పేజీల ఒప్పందం. మొదటి పేజీలో పేరు చూసుకుని, చివరి పేజీలో సంతకం పెట్టాడు. తాము కాగితం ఇచ్చి విడుదల చేసేదాకా మరే జట్టుకూ ఆడకూడదని మేనేజరు చెప్పాడు.

మ్యాచ్‌లన్నీ ఒకే ఖాళీ స్టేడియంలో, కెమెరాల ముందు జరిగాయి. హెల్మెట్ పెట్టుకుని గంటలకొద్దీ బెంచీ మీద కూర్చోవడం, పిలిస్తే వెళ్లి తన్నడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. ఒకసారి నలభై గజాల నుంచి తన్ని మ్యాచ్ గెలిపించాడు. చప్పట్లు కొట్టడానికి జనం లేరు. ఏడు వారాల తర్వాత అందర్నీ ఇళ్లకు పంపారు. చలికాలంలో మళ్లీ పిలుస్తామన్నారు.

పిలవలేదు. ఫోన్ చేస్తే వచ్చే సీజన్ అనేవారు, ఒళ్లు జాగ్రత్తగా ఉంచుకోమనేవారు. రోజూ పొద్దున్నే చెల్లెలు యూనిస్ గ్రౌండ్‌లో మోకాళ్ల మీద కూర్చుని బంతి పట్టుకునేది, అతను తన్నేవాడు.

2013 డిసెంబరులో ఊళ్లోని ఒక మామూలు ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఆదిబాబు ఇంటికొచ్చాడు. తన జట్టులో ఆడేవాడికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాళీ ఉంది, పాతికేళ్లు నిండకముందే చేరాలి.

"ఆ కాగితం అవతల పారేసి వచ్చీరా. ఆళ్లేటి, గోల్‌మురి వచ్చి సూత్తారా?" అన్నాడు.

ప్రభుకిరణ్‌కి వెళ్లాలనే ఉంది. లాజరస్ ఒప్పుకోలేదు.

"సంతకం ఎట్టినావు. ఆళ్లు వదిల్తే ఎల్లు. కోర్టుకీడిస్తే మనం నిలబడగలమేటి?"

విడుదల చేయమని ప్రభుకిరణ్ మూడు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. పాతికేళ్లు నిండాయి. ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తేవాళ్లు కూడా లేకపోయారు. అయినా పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్లడం మానలేదు. ఎవరూ రారు, ఇక వదిలెయ్యమని యూనిస్ ఒకరోజు చెప్పింది.

"ఛోడో నా భయ్యా. కోయీ నహీ ఆయేగా."

అతను బంతి మళ్లీ నిలబెట్టమన్నాడు.

2018లో ఒక స్కూలు వాళ్లు కోచ్‌గా రమ్మన్నారు. అది కూడా ఒప్పందం తప్పడమే అవుతుందేమోనని అతను తటపటాయిస్తుంటే, యూనిస్ బిష్టుపూర్‌లో రమాదేవి అనే లాయరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ పదహారు పేజీలూ నిదానంగా చదివి, పదకొండో పేజీ దగ్గర ఆగింది.

"ఏడాదిపాటు ఆటలు జరక్కపోతే ఇది దానంతటదే రద్దయిపోద్దని రాసుంది. ఐదేళ్ల కిందటే నీకు విడుదల అయిపోయింది బాబూ."

ప్రభుకిరణ్ వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాడు. ఆదిబాబు ఇంటికొచ్చిన రోజుకే తనను ఆపే కాగితం లేదు.

యూనిస్ ఆ పేజీని తండ్రికి తెలుగులో చెప్పింది. లాజరస్ ఆ పేజీని మడిచి కొడుకు చేతికిచ్చాడు. ఆ తర్వాత, "నేనే ఆపీసినాను" అన్నాడు. స్కూలు వాళ్లు అప్పటికే వేరేవాణ్ణి పెట్టుకున్నారు.

ఇప్పుడు ప్రభుకిరణ్ ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. చేరేముందు ఒక్క పేజీ కాగితం ఇస్తే, రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని యూనిస్‌తో నాలుగుసార్లు చదివించుకున్నాడు. పనిలో అతనికి వంక పెట్టలేరు. మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్ అయిపోతుంది. అందరూ వెళ్లిపోయినా అతను బండి పక్కనే నిలబడి ఉంటాడు. మొదట్లో ఒకరోజు సూపర్‌వైజరు చందు చూసి, ఇంకా ఇక్కడే ఉన్నావేటి అని అడిగాడు.

"ఎల్లమని నువ్వు సెప్పనేదు గదా" అన్నాడు ప్రభుకిరణ్.

అప్పట్నుంచి చందు రోజూ వచ్చి చెప్పి వెళుతున్నాడు.