గుర్రం ఎక్కేముందు మంచినీళ్ళు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ గరికపాడు దాటాక ఒక దాబా దగ్గర ఆగాం. పక్కనే ఒకాయన పిల్లల్ని గుర్రం మీద తిప్పుతున్నాడు. మా పాప ఎక్కుతానని ఒకటే గొడవ. తీరా ఎక్కించాక రాటకి కట్టిన బోర్డు కనిపిస్తే పైకే చదివా. "కింద పడితే మా బాధ్యత కాదు."

గుర్రమాయన మొహం మాడ్చుకున్నాడు. "బయల్దేరేటప్పుడు ఆ మాటేంటమ్మా? పాపని దించండి."

"రాసింది మీరేగా?"

"లాయరు గారు రాయించమన్నారు, రాయించా. పైకి చదవమన్లేదండి."

ఎవరో తుమ్మితే ప్రయాణం ఆపినట్టు, పాపని దించి, బెంచీ మీద కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించాడు. మా అత్తయ్య కూడా ఆయన వైపే. "నువ్వూ తాగు, అన్నది నువ్వే కదా" అని సీసా నా చేతిలో పెట్టింది.

తాగా. తాగి, "హెల్మెట్ ఏదైనా ఉందా అండి?" అని అడిగా.

"ఇంకెందుకమ్మా, నీళ్ళు తాగిందిగా" అన్నాడు.

పాప మళ్ళీ ఎక్కి, ఒక చుట్టు తిరిగొచ్చి నవ్వుతూ దిగింది. చూసావా అన్నట్టు అత్తయ్య నా వైపు చూసింది. పిల్ల పడుంటే తప్పంతా నా నోటిదయ్యేది. పడలేదు గనక గొప్పంతా మంచినీళ్ళది.